కిందున్న రాళ్ళు

పెన్సిల్వేనియా,
అక్టోబరు.

తమ్ముడు లోవెల్‌కి,

ఇక్కడ ఆవులు బాగానే ఉన్నాయి. నేనూ ఉన్నాను. గ్యాస్ కంపెనీ మనిషి నిన్న మళ్ళీ వచ్చాడు. మన పొలంలో రెండో గ్యాస్ బావి తవ్వుతారట. "మీ సంతకం అక్కర్లేదమ్మా, నేల కింది హక్కు మీ తమ్ముడిది, ఆయన సంతకం చాలు," అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

వీలునామా రాయిస్తూ నాన్న నవ్వాడు, గుర్తుందా? "పైనున్న పొలం దీనికి. పట్నంలో ఉండేవాడికి కిందున్న రాళ్ళు చాల్లే!" నువ్వూ నవ్వావు. మొదటి బావికి నువ్వు సంతకం పెట్టినప్పుడు నేనేమీ అనలేదు. ఇప్పుడూ అనను, ఓపిక లేదు. ఆ బావి తవ్వకం మోత ఆగింది గానీ, మన నూతి నీళ్ళు ఇంకా మడ్డిగా, బుడగలతోనే వస్తున్నాయి. కంపెనీ పరీక్షలో బాగానే ఉన్నాయట.

మొన్న చర్చిలో కోతల విందు జరిగింది. అమ్మ పోయినప్పటి నుంచి అక్కడ కాఫీ నా వంతే కదా. మన నూతి నీళ్ళతోనే పెద్ద కెటిల్ నిండా కాచి తీసుకెళ్ళాను. అప్పటికే మన పక్క పొలం వెర్నా ఇంకో కెటిల్ పొయ్యి మీద పెట్టేసింది. "పాలు పితికి అలిసిపోయుంటావు, నీకెందుకే శ్రమ?" అంది, నా మొహం చూడకుండా. అందరూ ఆప్యాయంగానే పలకరించారు. నా కాఫీ మాత్రం ఎవరూ ముట్టలేదు. తీసుకెళ్ళిందంతా తిరిగి తెచ్చుకున్నాను.

సంతకం పెట్టొద్దని చెప్పను. పెట్టే ముందు ఒక్కసారి రా. మన వంటింట్లో కూర్చుందాం. నేను రోజూ తాగే కాఫీయే నీకూ పెడతాను. కప్పు ఖాళీ చేశాక నీ ఇష్టం.

అక్క