రెండు గట్లూ లోపలే

ఆగస్టు 3

ప్రియమైన దీపస్తంభానికి,

చీమ రాస్తున్నది. కంగారు పడకు, అందరూ క్షేమమే. హాస్టల్ గదిలో మూడేళ్లపాటు నీ పక్క మంచం మీద, నీ పొడుగు కాళ్లు తగలకుండా గోడకి అతుక్కుని పడుకున్న మనిషిని నువ్వు అంత తేలిగ్గా మరిచిపోయి ఉండవులే. మనం ఉత్తరాలు రాసుకుని పదకొండేళ్లయింది. మీ నాన్నగారు పోయినప్పుడు నేను నాలుగు ముక్కలు రాశాను, నువ్వు రెండు ముక్కలు రాశావు. అంతే.

ఇప్పుడు పని పడి రాస్తున్నాను. డిసెంబరు ఆఖరున రిటైరవుతున్నాను. మనం చదువుకున్న ప్రాంతీయ అధ్యయన శాఖలోనే, అదే ఆఫీసులో, అదే కిటికీ పక్కన ముప్పై ఏడేళ్లు గుమాస్తాగిరీ చేశాను. పోయేముందు పాత ఫైళ్లు సర్దిపెట్టమన్నారు. జనవరి నుంచి డిగ్రీ నిబంధనలన్నీ మారుతున్నాయట. చదువు పూర్తికాని వాళ్ల ఫైళ్లు మూటకట్టి కాగితాల మిల్లుకి పంపేస్తారట. నిన్న ఆ మూటలో నీ కార్డు దొరికింది.

ఆ లేత పసుపు అట్ట గుర్తుందా? చరిత్ర, భూగోళం, ఆర్థికశాస్త్రం, సాహిత్యం, ఒక్కో శాఖ నుంచి మూడేసి పేపర్లు. ఎంచుకున్న ప్రాంతపు భాష రెండేళ్లు. ఒక క్షేత్ర పరిశీలన. ఆఖర్న ఒక పెద్ద వ్యాసం. నాలుగు శాఖల గుమ్మాలూ ఎక్కి దిగి చెప్పులరిగిపోయాయని మనం ఎంత తిట్టుకునేవాళ్లం. భాష పరీక్షకి వచ్చినాయన పడవవాళ్ల మాట ఒకటి తప్పు పలికితే నువ్వే ఆయన్ని దిద్దావు. ఆయన పకపకా నవ్వి తొంభై ఆరు మార్కులు వేశాడు. ఆ తొంభై ఆరు ఇంకా అలాగే ఉంది. అన్ని గడుల్లోనూ మన శాఖ పెద్ద సారు టిక్కులున్నాయి. క్షేత్ర పరిశీలన గడి ఒక్కటే ఖాళీ.

ఎందుకు ఖాళీయో నీకు నేను చెప్పక్కర్లేదు. మొదటి ఏడాదిలోనే ఎవరి ప్రాంతం ఎంతవరకో వాళ్లే పటం మీద గీత గీసి ఇవ్వాలి. తర్వాత చేసే ప్రతి పనీ ఆ గీత లోపలే ఉండాలి. నీ గీత నది ఉత్తరపు గట్టు వెంట పోయింది. నువ్వు పరిశీలించి రాసింది దక్షిణపు గట్టున మోకులు పేనే వీధి గురించి. మధ్యలో ఎవరూ ఆ పటం తెరిచి చూడలేదు. ఆఖరి రోజున తెరిచి, గీత బయట చేసిన పని చెల్లదని పరీక్షించే ముగ్గురు సార్లూ ఒక్కమాటే అన్నారు. ఇంకో ఏడాది ఉండి వేరే పరిశీలన చెయ్యమన్నారు. నువ్వు ఉండలేదు.

నువ్వు రాసిన ఆ అరవై రెండు పేజీలూ నా సొరుగులో ఉన్నాయి. పారెయ్యమన్నారు. నాకు చేతులు రాలేదు.

డిసెంబరు దాకా పాత నిబంధనలే చెల్లుతాయి. ఆ గడి నిండితే నీకు డిగ్రీ వస్తుంది, నీ పేజీలు బైండు చేసి లైబ్రరీలో నంబరు వేసి పెడతారు. నిండకపోతే అన్నీ మిల్లుకే. నిబంధనల పుస్తకం కూడా పంపుతున్నాను. చదువు, బద్ధకించకు.

ఇప్పటికీ గోడవైపే తిరిగి పడుకునే
నీ చీమ

*

ఆగస్టు 24

ఒసేయ్ చీమా,

నీ ఉత్తరం నది మధ్యలో అందింది. పోస్టుమాన్ మా లాంచీలోనే దాటుతాడు. నేను చుక్కాని పట్టుకుని ఉన్నానని నా కోటు జేబులో కుక్కి, "పెద్ద ఆఫీసు నుంచి వచ్చింది సరంగమ్మా, ఏం చేశావేంటి?" అన్నాడు. అవునే, ఇక్కడ నన్ను సరంగమ్మ అంటారు. నాన్న చుక్కాని నా చేతికొచ్చింది. ఇంజను మా ఆయన చూసుకుంటాడు. మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ ఆ చప్పుడే కాబట్టి కాపురం చల్లగా ఉంది.

నాకిప్పుడు యాభై తొమ్మిది. డిగ్రీ పట్టా తెచ్చి ఎక్కడ తగిలించమంటావు, పొగగొట్టానికా?

కానీ నువ్వు పసుపు అట్ట అనగానే పటాల గది కళ్లముందు కనబడింది. ఆ పొడుగు బల్లలు, జిగురు వాసన. మనం పటాన్ని కిటికీ అద్దానికి ఆనించి, పైన పల్చటి కాగితం పెట్టి, ఎండ వెలుగులో నకలు తీసేవాళ్లం. పై సగం నేను పట్టుకుంటే కింది సగం నువ్వు పట్టుకునేదానివి. ఎండ పోతుందేమోనని మాట్లాడకుండా గీసేవాళ్లం. నా జన్మలో నేను మాట్లాడకుండా ఉన్న గంటలు అవేనేమో. చదువంటే నాకు ఇప్పటికీ ఆ వెలుగే గుర్తొస్తుంది. ఎంత బాగుండేదే.

నా పని చెల్లలేదని ఇంటికొచ్చి చెబితే నాన్నకి అర్థం కాలేదు. మన వీధి నా ప్రాంతంలో లేదట నాన్నా అన్నాను. ఆయన, "మరి మనం ఎక్కడున్నట్టమ్మా?" అన్నాడు. అప్పటికే ఆయన మోకాలు పట్టేసింది, లాంచీకి మనిషి కావాలి. ఇంకో ఏడాది అనేసరికి నాకూ విసుగేసింది. వచ్చేశాను.

మోకుల వీధిలో ఇప్పుడు ఒక్క ఇల్లే మిగిలింది. ఆ ముసలమ్మ కూడా పేనడం మానేసింది. వాళ్లు పీచు పేనుకుంటూ వీధి పొడుగునా వెనక్కి నడిచేవాళ్లు, గుర్తుందా? సెలవుల్లో నువ్వొచ్చినప్పుడు నీకూ నేర్పబోతే బురదలో పడ్డావు. ఇప్పుడు వెనక్కి నడిచేవాళ్లు ఎవరూ లేరు. వంతెన కూడా పూర్తి కావస్తోంది. జనవరిలో తెరుస్తారట. తెరిచాక లాంచీ ఎవరెక్కుతారు? నాన్న దాటించిన నది, నేను దాటించిన నది, ఇక ఎవరికీ దాటించేవాళ్ల అవసరం ఉండదు. అది తలుచుకుంటే ఏడుపొస్తుంది, నీ దగ్గర దాపరికం ఎందుకు.

డిగ్రీ సంగతి వదిలెయ్. గీత నాది, తప్పు నాది. ఆ పేజీలు మాత్రం మిల్లుకి పంపకే. ఆ వీధి ఇంక ఆ కాగితాల్లోనే ఉంది.

అన్నట్టు, నీ పాత కలం ఉందా, పాళీ చీలినది? వంపు తిరిగేచోట ఒక గీతకి రెండు గీతలు పడేవి. కొత్తది కొనుక్కోవే అంటే వినేదానివి కాదు. ఎందుకో గుర్తొచ్చింది.

నడి నీళ్లలోంచి,
దీపస్తంభం

*

సెప్టెంబరు 9

ప్రియమైన దీపస్తంభానికి,

'గీత నాది, తప్పు నాది' అని రాశావు. ఆ ఒక్క ముక్క దగ్గర ఆగిపోయాను. మా ఆయన రెండుసార్లు భోజనానికి పిలిచాడు, లేవలేకపోయాను.

గీత నీది కాదు. విను.

పటాలు ఇవ్వాల్సిన రోజు నీకు జ్వరం. నువ్వు పెన్సిల్‌తో గీసి పెట్టావు, సిరా వెయ్యలేదు. సాయంత్రం ఐదింటికల్లా ఇవ్వకపోతే ఏడాది పోతుందని, నా పటంతో పాటు నీ పటానికీ నేనే సిరా వేశాను. నీ కాగితం మీద రెండు పెన్సిల్ గీతలున్నాయి. ఒకటి నది ఉత్తరపు గట్టు వెంట, ముదురుగా. ఇంకొకటి దక్షిణాన మీ వీధి దాటాక, పలచగా. నిన్ను లేపి అడుగుదామనుకుని, పాపం పడుకోనీ అనుకున్నాను. సరిహద్దు అంటే నదే కదా, ఏ పుస్తకంలో చూసినా నదే కదా అని ముదురు గీత మీద సిరా వేశాను. రెండోది రబ్బరుతో శుభ్రంగా చెరిపేశాను. శుభ్రత నాకు మొదటినుంచీ ఎక్కువే కదా. జ్వరం తగ్గాక నీ పటం ఇచ్చేశానన్నాను గానీ, సిరా సంగతి నీకు చెప్పలేదు.

ముగ్గురు సార్లూ నిన్ను పిలిచిన రోజు నేను తలుపు పక్క బెంచీ మీద నా వంతు కోసం కూర్చున్నాను. పెద్ద సారు పటం ఎత్తి "ఈ గీత నీదేనా అమ్మా?" అని అడిగారు. నువ్వు కాసేపు దానివైపు చూసి "నాదేనండి" అన్నావు. నేను అప్పుడే లేవాల్సింది. కానీ ఒకరి పటం మీద ఇంకొకరి చెయ్యి పడితే ఇద్దరి చదువూ రద్దని పుస్తకం మొదటి పేజీలోనే ఉంది. నాకు ఈ ఆఫీసులో ఉద్యోగం అప్పటికే ఖాయమైంది. నోరు మెదపలేదు. భయపడ్డానే. ఇంతకంటే గొప్ప కారణమేమీ లేదు.

తొమ్మిదో పేజీ చూడు. చదువు పూర్తయ్యేలోపు విద్యార్థి ఒక్కసారి తన హద్దు మార్చుకోవచ్చు, కారణం రాసి ఇవ్వాలి. ఆ రోజు నీకు ఈ మాట ఎవరూ చెప్పలేదు. ఏటా ఆ పేజీ టైపు చేసింది నేనే. చేసిన ప్రతిసారీ నువ్వే గుర్తొచ్చేదానివి. ప్రతిసారీ వచ్చే ఏడాది చెబుదాంలే అనుకున్నాను.

దీనితో ఒక కాగితం పెట్టాను. నీకు తెలియకుండా చేశానని, తప్పు నాదేనని, శిక్ష పడితే నాకే పడాలని రాసి సంతకం చేశాను. కారణంగా అదే ఇవ్వు. నాకు వీడ్కోలు సభ పెట్టకపోతే పెట్టకపోనీ, అనుకునేవాళ్లు ఏమన్నా అనుకోనీ.

క్షమించమని అడగడానికి మొహం చెల్లడం లేదు.

చీమ

*

అక్టోబరు 15

దీపస్తంభానికి,

నా ఉత్తరం అందిందా? ఐదు వారాలైంది. రోజూ పోస్టుమాన్ కంటే ముందు నేనే గేటు దగ్గర ఉంటున్నాను. హద్దు మార్పులు చూసే కమిటీ నవంబరు రెండో గురువారం కూర్చుంటుంది, తర్వాత ఇక లేదు. ఇప్పుడున్న పెద్ద మేడమ్‌ని కదిపి చూశాను. కారణం నిజమైనదైతే తనకే అభ్యంతరమూ లేదంది. తిట్టడానికైనా సరే, ఒక్క ముక్క రాయవే.

చీమ

*

నవంబరు 1

చీమా,

మొదటి వారం రాయకపోవడం కోపంతోనే. తర్వాతి వారాలు పనిలో ఉండి రాయలేదు. ఏం పనో చెబుతాను.

ముందు నీకు ఒక సంగతి తెలియాలి. పోయిన ఉత్తరంలో నీ కలం గురించి ఊరికే అడిగాననుకున్నావా? పెద్ద సారు పటం ఎత్తి చూపించినప్పుడు, నది వంపు దగ్గర రెండు గీతలు పక్కపక్కనే కనిపించాయి. ఆ చీలిన పాళీ పట్టుకు తిరిగేది హాస్టల్ మొత్తం మీద నువ్వొక్కదానివే. ఆ క్షణమే తెలిసిపోయింది. నేను నిజం చెబితే ఇద్దరం బయట పడతాం. ఒక్కరైనా లోపల ఉండాలి కదా అనిపించి నాదేనండి అన్నాను.

దీనికి నాకేమీ దండం పెట్టక్కర్లేదు. అనేశాక రెండేళ్లు నిన్ను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. నీ పెళ్లికి లాంచీ చెడిపోయి రాలేకపోయానని రాశాను చూడు, అది పచ్చి అబద్ధం. ఆ రోజు లాంచీ పదిహేనుసార్లు అటూ ఇటూ తిరిగింది. నువ్వొచ్చి చెబుతావని చూశాను. చెప్పలేదు. చూసీ చూసీ కొన్నాళ్లకి కోపం మరిచిపోయాను, చూడటం మాత్రం మానలేదు. ముప్పై ఏడేళ్లకి చెప్పావు. నీ నడక తెలిసినదాన్ని కాబట్టి సరిపెట్టుకుంటున్నాను.

నీ కాగితం కమిటీకి ఇవ్వను. దాని వెనకవైపు తెల్లగా ఉంది. వంతెన తెరిచే వారం లాంచీ వేళలు దానిమీద పెద్దక్షరాలతో రాసి రేవులో గోడకి అంటించేశాను. అటువైపు ఏముందో ఇక ఆ గోడకే తెలియాలి.

కారణం నేనే రాశాను. చదువు:

'ఈ ప్రాంతంలో పిల్లలు ఉత్తరపు గట్టున చదువుకుని దక్షిణపు గట్టున అన్నం తింటారు. ఇక్కడి లంగరు అక్కడి మోకు లేకుండా నిలవదు. ముప్పై ఏడేళ్లుగా ఈ మనుషుల్ని అటూ ఇటూ దాటిస్తున్నాను, ఇది రెండు ప్రాంతాలని నాకెప్పుడూ అనిపించలేదు. పాత గీతలో ఒక గట్టు తప్పిపోయింది. ఇప్పుడు కలుపుతున్నాను.'

ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. నీ పేరూ లేదు.

డిగ్రీ నాకెందుకో మొన్నటిదాకా తెలియలేదు. వారం కిందట మోకుల వీధి ముసలమ్మకి చెప్పాను, మన వీధి గురించి నేను రాసింది పుస్తకం అవుతుందేమోనని. ఆమె నా చెయ్యి పట్టుకుని, "మావారి పేరు ఉందా అందులో?" అంది. ఉందని చెప్పాను. పద్దెనిమిదో పేజీ. అక్షరాలతో సహా గుర్తుంది నాకు. వంతెన మీద పోయేవాళ్లకి కింద ఎవరుండేవాళ్లో తెలియాలంటే ఆ పేజీలు నిలబడాలి. అందుకు కావాలే నాకు ఆ డిగ్రీ. చాలా కావాలి.

ఇన్ని వారాలూ చేసిన పని కొత్త పటం. ఇంటి కిటికీ అద్దానికి ఆనించి నకలు తీశాను. పై సగం ఒక చేత్తో పట్టుకున్నాను, కింది సగం పట్టుకునేవాళ్లు లేక బట్టల క్లిప్పులు పెట్టాను. పెన్సిల్ గీత ఒక్కటే ఉంది, ముదురుగా. రెండు గట్లూ లోపలే.

కమిటీకి ముందురోజు, బుధవారం, మొదటి లాంచీ మా ఆయన నడుపుతాడు, నేను వస్తున్నాను. పటాల గది తాళం తీయించి పెట్టు. సిరా అక్కడే వేస్తాను, నిబంధన ప్రకారం నా చేత్తోనే. చుక్కాని పట్టీ పట్టీ ఈ చేతికి ఈమధ్య కొంచెం వణుకు వచ్చింది. కాగితం కదలకుండా నువ్వు పట్టుకో.

కలం మాత్రం కొత్తది తే.

నీ పక్క మంచం
దీపస్తంభం