సింహళం నుంచి రాని రాయి

శ్రీకాకుళం జిల్లా రాజాంలో రత్నాల దుకాణం రంగనాథంగారి కోడలిని, నగరేశ్వరరావుగారి భార్యను, కన్యాకుమారి అనే ఇరవై మూడేళ్లదాన్ని రాస్తున్న వీలునామా. ఎల్లుండి విశాఖపట్నం ఆసుపత్రిలో నా కడుపులో గడ్డ కోసి తీస్తారు. ఒళ్లు బాగులేదు గాని బుద్ధి బాగానే ఉంది. ఎవరూ చెప్పి రాయించలేదు. కింద రాసినవన్నీ నా పుట్టింటివారిచ్చిన స్త్రీధనం. నాకు అయిదో తరగతి చెప్పిన సుభద్రమ్మగారు దీన్ని అమలు జరపాలి.

1. వైడూర్యం ఉంగరం నా కూతురు పద్మకుమారికి. తేనె రంగు రాయి. ఎండలో తిప్పితే తెల్లటి గీత ఒకటి పిల్లి కంటిపాపలా కదులుతుంది. దుకాణంలో అన్నిటినీ సింహళం రాళ్లంటారు. ఇది సింహళంది కాదు. సాలూరు అవతల మా ఊరి పక్కన పారే గెడ్డలో, వానలు తగ్గాక మా నాన్న కొండబాబు ఇసక జల్లించి ఏరి, పదకొండు రోజులు సాన పట్టినది. పిల్ల వేలికి తొడిగేటప్పుడు ఈ మాట చెప్పి తొడగాలి.

2. ఎర్రరాళ్ల దండ మా ఇంట్లో పనిచేసే కూర్మమ్మకు. చేతిలో నల్లగా ఉంటాయి, వెలుగుకు పడితే దానిమ్మ గింజలు. అవీ మా నాన్న ఊరి మెట్ట చేలలో దొరికినవే. "నాకెందుకమ్మా, దొంగతనం సేసినానంతారు" అంటుంది. అననీండి. దండ మెడలో వేసుకోవాలి, కుండలో దాచకూడదు.

3. పలకలు పలకలుగా పట్టెలు కోసిన వైడూర్యం మామగారికి. నా పురిటికి మా నాన్న తెచ్చినప్పుడు అది గుండ్రంగా, నిండుగా ఉండేది. "ఈ బొండురాయి ఎవులు కొంతారు" అని మామగారు పట్టెలు కోయించబోయారు. "వద్దు బావగారూ, పట్టెలు కోస్తే కన్ను సచ్చిపోతాది" అన్నారు మా నాన్న. "గెడ్డలో రాళ్లేరుకునేవోడివి, నాకు సెప్తావేటి" అని కోయించారు. గీత పోయింది, గాజుపెంకు మిగిలింది. సంత రోజున కొనేవాళ్లందరి ముందూ, "మా వియ్యంకుడు గాజుముక్క ఇచ్చి మోసం సేసినాడు" అన్నారు. మా నాన్న మెట్లు దిగి వెళ్లిపోయారు. రెండేళ్లయింది, మళ్లీ సాన ముట్టలేదు. నేను తెర వెనకే ఉన్నాను. నిజం తెలుసు. నోరు పెగల్లేదు. సిగ్గే ఆడదానికి నగ అని నన్ను అందరూ మెచ్చుకునేవారు. ఆ నగ నా కూతురికి రాయను.

4. మా ఆయన పేరు నోటితో అనను, కాగితం మీద తప్పలేదు. ఆయనకు ఏమీ రాయడం లేదు. ఆ రోజు ఆయన అక్కడే నిలబడి తక్కెడ తుడుస్తున్నారు.

5. నాలుగు బంగారు గాజులు షరతు మీద. నా పన్నెండో రోజు లోపల, సంత జరిగేటప్పుడు, దుకాణం అరుగు మీద, మా నాన్న ఎదుట, "రాయిని పాడు చేసింది నేను, మోసం చేసింది నేను" అని మామగారు చెబితే గాజులు ఆ ఇంటివి. చెప్పకపోతే మా నాన్నవి.

6. బతికి వస్తే ఈ కాగితం చెల్లదు. ఆ పై సంతకు నేనే దుకాణంలోకి వచ్చి, మూడో అంశంలో రాసినదంతా నోటితో చెబుతాను. మామగారు కూర్చుని పూర్తిగా వినాలి.

రాజాం, 14–7–1968
(సంతకం) కన్యాకుమారి

సాక్షులు:
జగన్నాధం, పోస్టుమాస్టరు
లక్ష్మణమ్మ, పక్కింటివారు (వేలిముద్ర)