గ్రైండరు ఎవరిది?

శారదా,

కోర్టుకెక్కకుండా విడిపోదామని మధ్యవర్తినైన నా దగ్గరికి వచ్చిన బండారులంక దంపతులు ఈరోజు మధ్యాహ్నమంతా ఒక గ్రైండరు కోసం వాదులాడుకున్నారు.

"మా పుట్టింటివాళ్ళు కొన్నదండీ!"

"మోటారు మార్పించింది నేను కాదేంటండీ?"

ఇల్లూ నగలూ తేలాయి గానీ ఇది తేలలేదు. నాకు విసుగెత్తిపోయింది. చివరికి, నువ్వున్నన్నాళ్ళూ, ఇలాంటి తగవు తీర్చి నేను ఇంటికి రాగానే నువ్వు నన్నడిగే ప్రశ్ననే వాళ్ళనూ అడిగాను: "పిల్ల సంగతి ఏం చేశారు?"

అతను సామాన్ల జాబితా ఆమె వైపు జరిపి, "గ్రైండరు తననే తీసుకోమనండి. పాప ఇడ్లీ తప్ప తినదండీ," అన్నాడు.

"ఆదివారాలు మీరొచ్చి పాపని తీసుకెళ్ళండి," అందామె. సంతకాలయ్యాయి.

ఇంటికొచ్చాను. ఎవరూ ఏమీ అడగలేదు. అయినా చెబుతున్నాను: పాప తల్లి దగ్గరుంటుంది, ఆదివారాలు తండ్రి దగ్గర.