పక్కింటి పుంజు, నా నివాస పత్రం

టొమార్, పోర్చుగల్
మార్చి 9

లోరెయిన్,

ఒహాయోలో వృద్ధుల వసతి గృహంలో నాకు గది మాట్లాడి ఉంచానని రాశావు. "ఆ దేశంలో నీకు సాక్ష్యం చెప్పే దిక్కెవరమ్మా?" అని కూడా అడిగావు. నలభై ఏళ్లు లెక్కలు బోధించి పింఛను పుచ్చుకుంటున్నదాన్ని. ఎక్కడ ఉండాలో నేనే తేల్చుకుంటాను.

నా నివాస అనుమతికి ఒక్క కాగితమే తక్కువైంది. ఇంటి యజమాని పోవడంతో అద్దె పత్రం చెల్లదన్నారు. అలాంటప్పుడు పేటలో ఓటున్న ఇద్దరు వచ్చి, నేను ఇక్కడే ఉంటున్నానని పేట కార్యాలయంలో సంతకం చేయాలి. చేపలమ్మే డియోలిండా పిలవగానే వచ్చింది. రెండో మనిషి దొరక్క, చివరికి పక్కింటి అబీలియో తలుపు తట్టాను. ఆయన కోడిపుంజు మీద పదకొండు నెలల్లో పద్నాలుగు ఫిర్యాదులు ఇచ్చింది నేనే.

"ఈవిడ ఇక్కడే ఉంటుందని నీకెట్లా తెలుసు తాతా?" అని కార్యాలయంలో గుమాస్తా ఆయన్ని అడిగాడు.

"ఎట్లా తెలుసేమిటయ్యా! నా పుంజు కూయగానే ఈ మహాతల్లి కిటికీ తెరిచి దాన్నీ నన్నూ కలిపి తిడుతుంది. ఒక్కరోజు నాగా లేదు. ఊళ్లో లేని మనిషి అట్లా తిట్టగలదా?"

"నిజమే, ఆ ఫిర్యాదులన్నీ నా సొరుగులోనే ఉన్నాయి," అంటూ గుమాస్తా ముద్ర వేశాడు. డియోలిండా పడీ పడీ నవ్వింది. నేను నవ్వలేదు.

నిన్న అనుమతి వచ్చింది. ఆ గది ఇంకెవరికైనా ఇచ్చుకోమను. అక్కడ నా సామాను దాచిన కొట్టుగది తాళంచెవి ఈ కవరులోనే ఉంది. చలికోటు నీకు సరిపోతుంది, ఉంచుకో. మిగతావన్నీ పంచిపెట్టెయ్యి.

మీ అమ్మ