చంద్రిక రెండో నమూనా

హిందూపురం,
ఆదివారం.

లక్ష్మక్కకు తమ్ముడు రామాంజి నమస్కారాలు. నువ్వు, బావ, అవ్వ బాగున్నారని తలుస్తాను. అవ్వ మోకాలి నొప్పి ఎట్లుంది? పోయినసారి అడిగితే తగ్గిందన్నావు. నువ్వు అన్నీ తగ్గాయనే చెబుతావు, అందుకే మళ్ళీ అడుగుతున్నాను. నేను బాగున్నాను. నా గురించి దిగులు పడొద్దు.

గుడిబండ బస్సులో పంపుతున్న డబ్బా మీదే ఈ ఉత్తరం కట్టాను. ఫోన్ చేయొచ్చు కదా అనుకుంటావు. ఫోన్లో నేను సగం చెప్పేలోపే "సరేలే, తిన్నావా" అంటావు. ఈసారి మాత్రం పూర్తిగా చదువు. డబ్బా తర్వాత విప్పు.

ఇక్కడ ఎండ తగ్గలేదు. షెడ్డు లోపల ప్లాస్టిక్ కరిగించే మిషన్ల వేడి వేరే. గదిలో నాతో సుధాకర ఉంటాడు. ధర్మవరం వాడు, వాళ్ళ నాయన మగ్గం నేస్తాడు. అన్నం అతను వండుతాడు, సంగటి నేను గెలుకుతాను. ముద్ద కట్టడం ఇంకా రాలేదు. "ఇది సంగటి కాదప్పా, గోడకు పూసే గార" అంటాడు, అయినా తింటాడు. సాయంత్రం మన వైపు బస్సు ఫ్యాక్టరీ ముందు నుంచే పోతుంది. వచ్చిన కొత్తలో అది కనపడకుండా పోయేదాకా నిలబడి చూసేవాణ్ణి. ఇప్పుడు చూడడం లేదు. రెండు పూటలా తింటున్నాను, నిద్ర పడుతోంది. దిగులు పడొద్దు.

ఇక అసలు విషయం. నీకు మొదట పంపిన ప్లాస్టిక్ చంద్రిక గుర్తుంది కదా, పండిన పట్టుపురుగులు ఎక్కి గూడు కట్టుకోవడానికి మా ఓనరు కొత్తగా చేయించింది. అది అమ్మే సరుకు కాదు, నమూనా. కంప్యూటర్లో గీసిన బొమ్మను చూసి ఒక చిన్న మిషన్ వేడి ప్లాస్టిక్‌ను దారంలా వరుస మీద వరుస పేరుస్తుంది. బాగలేకపోతే పారేసి ఇంకోటి చేసుకోవచ్చు. నమూనా సరిపోయిందంటే బెంగళూరులో ఉక్కుతో అచ్చు కోస్తారు. ఆ తర్వాత రోజంతా అదే అచ్చులో పోసిన సరుకే వస్తుంది. ఉక్కు ఒకసారి కోశాక, ఎక్కువ కోసిన చోట మళ్ళీ అతికించడం అయ్యే పని కాదు.

ఫ్యాక్టరీలో పురుగులు లేవు. మాకు పట్టుపురుగులు ఉన్నాయని నేనే చెప్పాను. అందుకే ఓనరు నన్ను మిషన్ దగ్గర నుంచి తీసి నమూనాల గదిలో వేశాడు. "ఎట్లుండాదక్కా" అని అడిగితే, "శానా బాగుండాది రామాంజీ, అన్నీ ఎక్కి కట్టినాయి" అన్నావు. ఆ మాటే ఓనరుకు చెప్పాను. ఆయన బెంగళూరుకు ఫోన్ చేసి అచ్చు మొదలుపెట్టమన్నాడు. సరుకు ఎప్పుడొస్తుందని పెనుకొండ అంగడాయన అప్పటికే అడుగుతున్నాడు.

పోయిన వారం బావ గూళ్ళ మార్కెట్‌కు వచ్చాడు. టీ తాగుతూ నవ్వుతున్నాడు. ఎందుకని అడిగాను.

"ఏం చెప్పల్లప్పా. మీ యక్క రెండు దినాలు నీ ప్లాస్టిక్ కాడ నుంచి లేస్తేనా! పురుగులు జారి పడేది, ఈమె ఎత్తి మళ్ళా ఎక్కించేది. ఇంట్లో వంట గూడా నాదే. ఏందిమే ఇది అంటే, మా తమ్మునికి చెడ్డ పేరు రాకూడదు అనింది."

 బావను బస్సెక్కించి వచ్చాను.

అక్కా, నీ మీద కోపం లేదు. నువ్వు ఎందుకు చేశావో నాకు తెలుసు. కానీ చెప్పాలా వద్దా అని ఆ రోజంతా కొట్టుకున్నాను. చెబితే పని పోతుందని భయం. సుధాకరకు చెబితే ఇట్లా అన్నాడు: "మా నాయన కొంగు డిజైను మారిస్తే ముందు జానెడు నేసి చూస్తాడు. బాగలేకుంటే కోసి పారేస్తాడు. ఆ జానెడు కోసం ఏడ్చింది నేను యాడా చూడల్యా. చీరంతా నేసినాంక తప్పు కనపడితే మాత్రం ఆ పొద్దు ఇంట్లో ఎవురూ మాట్లాడరు. పోయి చెప్పు."

మరుసటి రోజు పొద్దున పోయి ఓనరుకు ఉన్నదున్నట్టు చెప్పాను. 

"అట్లయితే మీ యక్క చేతులు గూడా డబ్బాలో పెట్టి అమ్మల్లేమబ్బా?" అన్నాడు.

 నా ముందరే బెంగళూరుకు ఫోన్ చేశాడు. ఉక్కు దిమ్మ మిషన్ మీదికి ఎక్కించారట, కోత ఇంకా మొదలు కాలేదట. ఆపమన్నాడు. వేరే రైతును వెతుకుతానన్నాను. "పండిన పురుగుల్ని నీకెవురిస్తారబ్బా? ఇంగొక్క శాంపిల్ చేస్తాం. అదీ మీ యింట్లోనే పెట్టు. ఈసారి గూడా నిజం రాకపోతే నీకీడ పనిలేదు" అన్నాడు.

డబ్బాలో ఉన్నది ఆ రెండో నమూనా. పురుగు కాలు పట్టు దొరకడానికి మడతల అంచులు గరుగ్గా చేశాం, సందులు తగ్గించాం. వాసన పోయేదాకా కడిగి ఆరబెట్టాను, అయినా ఒకసారి వాసన చూడు. ఏ మాత్రం ఉన్నా పెట్టొద్దు, పురుగులు చెడితే నీ పంట పోతుంది. కొన్ని పురుగులే పెట్టు. పక్కనే మన వెదురు చంద్రిక పెట్టి, దాంట్లోనూ అన్నే వెయ్యి. రెండింటి కిందా పేపరు పరువు. తెల్లారి బావ ఫోన్‌తో ఆ పేపర్ల ఫోటో తీసి పంపండి. ఫోటో తీశాకే పడినవాటిని ఎత్తి వెదురు దాంట్లో వెయ్యి, నష్టం రాదు. ప్లాస్టిక్ దాంట్లో మాత్రం మళ్ళీ వెయ్యొద్దు.

ఇదీ జారుతుందేమోనని నాకు భయంగానే ఉంది. రోజూ నమూనా అంచు మీద వేలు పెట్టి చూస్తున్నాను. నా వేలికి ఏం తెలుస్తుంది? జారితే జారిందనే చెప్పు. ఓనరు మూడోది చేయిస్తాడో, నన్ను పంపేస్తాడో నాకు తెలియదు. కానీ జారేదాన్ని వేలకొద్దీ పోసి గుడిబండ నుంచి ధర్మవరం దాకా అమ్మితే, ఆ రైతుల షెడ్లలో ఎత్తి పెట్టడానికి నువ్వు ఉండవు కదా.

బాగున్నానక్కా, దిగులు పడొద్దు. వీలైతే డబ్బా తిరిగి పంపేటప్పుడు కొంచెం రాగిపిండి, సంగటిలో నంజుకోవడానికి ఊరిమిండి పెట్టు. బావకు నమస్కారాలు. బావ నాకు ఆ మాట చెప్పినందుకు ఆయన్ను ఏమీ అనొద్దు.

అవ్వ కాళ్ళకు మొక్కానని చెప్పి, ఆమె దీవెన నాకు పంపు. ఆమెను మాత్రం చంద్రిక దగ్గర కూర్చోబెట్టొద్దు. మోకాలు ఎంత నొప్పి ఉన్నా, నా సరుకు అని తెలిస్తే వంగి ఎత్తుతుంది.

నీ ఫోటో కోసం చూస్తూ,
తమ్ముడు
రామాంజి