నాయన ఆఖరి చీర, నా హై డెఫినిషన్ కెమెరా

జూన్ 2, సోమవారం. ఉదయం 6:10

కొత్త డైరీ. కొత్త పెన్ను. కొత్త మనోహర్!

ఈరోజు నాయన కొత్త చీర మొదలుపెట్టాడు. హిందూపురం గీతాంజలి గారి కూతురి పెళ్లిచీర. "ఇదే ఆఖర్దిరా. మోకాళ్లు ఇంగ మాట వినేటట్ల లేవు" అన్నాడు. యాభై ఎనిమిదేళ్లుగా మగ్గం గుంతలో కూర్చున్న మనిషి. పన్నెండు మూరలు, ఇరవై రోజుల పని. తర్వాత మగ్గం విప్పేస్తాం.

నా తీర్మానం: మొదటి పోగు నుంచి మగ్గం మీద చీర కోసేదాకా మొత్తం వీడియో తీస్తా. ఫోన్‌తో కాదు, సీరియస్‌గా. మంచి హెచ్‌డీ క్యామ్‌కార్డర్ కొని, నేనే షూట్ చేసి, నేనే ఎడిట్ చేస్తా. ధర్మవరంలో మా ఇంటి ముందు గదే చీరల కొట్టు, వెనక గది మగ్గం. కొట్టుకు వచ్చినవాళ్లకు నేత గురించి గంటలకొద్దీ చెబుతాను కానీ, పట్టుమని పది పోగులు నేసిన పాపాన పోలేదు. ఇదైనా చేయాలి.

రేపే కెమెరా ఆర్డరు!

జూన్ 3

ఉ. 9:00. కెమెరాల గురించి నలభై వీడియోలు దొరికాయి.

మ. 1:30. ఇరవై మూడు చూశాను. కావలసినవి ఇవీ:

– ఫుల్ హెచ్‌డీ (4కే అయితే ఇంకా మేలు)
– ఇరవై రెట్ల జూమ్
– బయటి మైకు తగిలించే వీలు
– తక్కువ వెలుతురులో కూడా బాగా కనబడాలి (మగ్గం గదికి ఉన్నది ఒక్క కిటికీ)
– చెయ్యి వణికినా బొమ్మ వణకకూడదు (చెయ్యి నాదే)

నా భార్య యమున జాబితా చూసి, "ఫోన్లో తీస్తే కాదా?" అంది. జాలేసింది. ఎంత నేశారో చూపించమని గీతాంజలి గారు అడిగితే, ఈమె రోజూ సాయంత్రం ఫోన్లో అర నిమిషం వీడియో తీసి పంపుతుందట, నిన్నే మొదలుపెట్టింది. అదీ ఫోను నిలువుగా పట్టుకుని! కళ అంటే ఏమిటో తెలియని మనుషులతో కాపురం.

జూన్ 6

నాయన మూడు మూరలు దాటాడు. నేను హిందూపురం వెళ్లాను. అక్కడ పెళ్లి వీడియోలు తీసే హరికృష్ణ నా క్లాస్‌మేట్.

"క్యామ్‌కార్డరా? దాన్ని ఇప్పుడెవరు వాడ్తాండారబ్బా? మిర్రర్‌లెస్ కెమెరా తీసుకో" అన్నాడు. టీ తాగుతూ ఇంకో ప్రశ్న వేశాడు. "సరే, ఎడిటింగ్‌కి కంప్యూటర్ ఉండాదా?"

లేదు! మొత్తం మళ్లీ మొదటికొచ్చింది. ఎంత నష్టం తప్పింది! తొందరపడి కొనేసి ఉంటే?

జూన్ 8, ఆదివారం

హరికృష్ణ తన పాత క్యామ్‌కార్డర్ ఒక్కరోజుకు ఇచ్చాడు. పెనుకొండ కొండెక్కి టెస్ట్ షూట్. కోట గోడలు, మేకలు, సూర్యాస్తమయం, అన్నీ తీశాను.

ఇంటికొచ్చి చూస్తే ఏవీ లేవు. తీస్తున్నాననుకున్నప్పుడు ఆగిపోయింది, ఆపాననుకున్నప్పుడు తీస్తూ పోయింది. నలభై ఏడు నిమిషాలూ నా చెప్పులే. చెప్పులు మాత్రం హెచ్‌డీలో అద్భుతంగా ఉన్నాయి. ఎడమ చెప్పు పట్టీ తెగబోతోందని వీడియో చూశాకే తెలిసింది.

"ఆ కెమెరాతో ఈరోజు మామనే తీసుంటే అయిపోయేది కదా" అంది యమున. పాత మోడల్ అది! నాయన ఆఖరి చీరను పాత మోడల్‌లో తీస్తానా?

జూన్ 11

సగం చీర అయిపోయింది. నేను మిర్రర్‌లెస్ వద్దనుకుని మళ్లీ క్యామ్‌కార్డర్ దగ్గరికే వచ్చాను. ఆలోచనలో ఎంత స్పష్టత!

నాయన ఎప్పుడూ బనీనుతోనే నేస్తాడు. నాలుగు రోజులుగా ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చుంటున్నాడు. ఎందుకని అడిగాను.

"ఏందో తీస్తానంటివి కదరా. బనీనుతో ఏం బాగుంటుంది?"

సాయంత్రంలోగా ఆర్డరు పెట్టాలి.

సా. 5:40. బ్యాటరీ త్వరగా అయిపోతుందని ఒకాయన వీడియోలో చెప్పాడు. రేపు చూద్దాం.

జూన్ 14

ఆర్డరు పెట్టేశాను!!! 21న వస్తుందట.

చిన్న ఇబ్బంది: నాయన 19కే ముగించేలా ఉన్నాడు. మోకాళ్ల నొప్పితో ఇంత వేగం దేనికి?

జూన్ 17

రాయడానికి సిగ్గుగా ఉంది. పొద్దున్నే అమ్మ దారం చుట్టిపెట్టిన కండెల బుట్టను బీరువా వెనక దాచాను. కండెలు లేకపోతే పోగుల మధ్య అటూ ఇటూ పోయే నాడెలో దారం ఉండదు, చీర ముందుకు సాగదు. రెండు రోజులు ఆపితే చాలనుకున్నాను.

అమ్మ ఇల్లంతా వెతికింది. నాయన వెతకలేదు. గుంతలోకి కాళ్లు వేలాడేసుకుని మధ్యాహ్నం దాకా ఊరికే కూర్చున్నాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"కండెలు బీరువా ఎనకాల ఉండాయి. ఎత్తకరా పో."

"తెలిసీ అడగలేదే నాయనా?"

"పని నిలిస్తే కొంచేపన్నా ఈడ వచ్చి కూచుంటావేమో అనుకుంటి. నువ్వు ఫోన్ చూసుకుంటా పోతివి."

బుట్ట తెచ్చి ఇచ్చాను. ముఖం ఎత్తలేకపోయాను. బాధ చాలాసేపు ఉంది. ఆ తర్వాత పార్సెల్ ఎక్కడిదాకా వచ్చిందో చూశాను. బెంగళూరు.

జూన్ 19

ఉ. 11:20. చీర కోసేశాడు.

కత్తెర చేతికి తీసుకుని నాయన ఒకసారి నా వైపు చూశాడు. గీతాంజలి గారి కారు వాకిట్లో ఉంది. "రెండు రోజులు ఆగుదామా నాయనా?" అన్నాను. "ముహూర్తం ఆగుతుందేమిరా?" అన్నాడు. ఆయన ఇస్త్రీ చొక్కా మడత కూడా నలగలేదు.

జూన్ 21

కెమెరా వచ్చింది! అబ్బ, ఏం కెమెరా! మూడు గంటలు చార్జింగ్ పెట్టి మగ్గం గదిలోకి పరుగెత్తాను. మగ్గం విప్పేసి కర్రలు గోడకు ఆనించారు. ఖాళీ గుంతను తీశాను. దుమ్ము ఒక్కొక్క రేణువూ విడివిడిగా కనబడుతోంది.

జూన్ 23

యమున తన ఫోన్ నా చేతికిచ్చింది. గీతాంజలి గారికి పంపిన వీడియోలు, పదిహేడు సాయంత్రాలకు పదిహేడు. అన్నీ నిలువుగానే.

చీర ఉంది. నాయన చేతులు ఉన్నాయి. కుక్కర్ విజిల్ ఉంది. దాదాపు ప్రతి వీడియోలోనూ గోడ అవతల నుంచి నా గొంతు కూడా ఉంది. "ఆప్టికల్ జూమ్ వేరు, డిజిటల్ జూమ్ వేరు" అని ఎవరికో ఫోన్లో వివరిస్తున్నాను. పన్నెండో దానిలో నాయన నవ్వుతూ, "నువ్వు ఎందుకమ్మా, వాడు తీస్తాడులే" అంటున్నాడు.

చివరిదానిలో ఒక పోగు తెగింది. నాయన దాన్ని రెండు వేళ్ల మధ్య పట్టి, తిప్పి, అతికించి, నేరుగా ఫోన్ వైపు చూశాడు. "మనోహరూ, తెగితే ఇట్ల అతకల్ల. చూసుకో. ఇంగ నేను చూపీలేను."

నాలుగుసార్లు చూశాను. కళ్లు తుడుచుకుని నాయనకూ చూపించాను.

"బాగుండాది. నీ గొంతు లేకుంటే ఇంకా బాగుండు" అన్నాడు.

జూన్ 24, మంగళవారం. ఉదయం 6:10

కొత్త పేజీ. కొత్త మనోహర్!

తీర్మానం: ఆ పదిహేడింటినీ కలిపి, నా గొంతు తీసేసి, ఆదివారానికల్లా నాయనకు పూర్తి సినిమా చూపిస్తా.

ఉ. 9:00. ఎడిటింగ్‌కి ఏ యాప్ మంచిది? అరవై వీడియోలు దొరికాయి.

ఉ. 11:00. పద్నాలుగు చూశాను.

ఉ. 11:15. నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని కొట్టులోకి వచ్చి, నా పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"ఆదివారమే కదరా?" అన్నాడు.

"ఆదివారమే నాయనా" అన్నాను.

ఏ ఆదివారమని ఆయన అడగలేదు.