పిట్ట చేతిలో గెడ

మార్చి 9, ఆదివారం

మా పాముచెవి మరదలికి,

నీ వదిన దీవెనలతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమం అని అలవాటు కొద్దీ రాసి, మళ్లీ కొట్టేశాను. పైన కనిపిస్తున్న గీత అదే. మీ అన్నయ్య బాగానే ఉన్నాడు, మోకాళ్లు తప్ప. నేనూ తింటున్నాను, పడుకుంటున్నాను. నువ్వెలా ఉన్నావని అడిగే మొహం నాకు లేదు గానీ, అది అడగకుండా ఉత్తరం మొదలుపెట్టడం చేతకావడం లేదు. ఎలా ఉన్నావు? మగ్గాల మిల్లులో చేరావని, అక్కడ పక్కమనిషి అరిచినా వినపడదని ఎవరో చెప్పారు. అవతలి గట్టున చేప ఎగిరిపడితే ఏ చేపో చెప్పేదానివి.

నువ్వు వెళ్లి ఆరేళ్లయింది. నీ రబ్బరు బూట్లు తలుపు వెనక అలాగే ఉన్నాయి. ఎడమదానికి నువ్వు వేసిన సైకిలు ట్యూబు అతుకు ఊడిపోయింది. గడియారాల కొట్లో తన అతి చిన్న స్క్రూడ్రైవరు పోయిందని మీ అన్నయ్య ఇప్పటికీ నిన్నే సాధిస్తుంటాడు, నువ్వు ఎదురుగా లేకపోయినా. వేరేది తెచ్చుకున్నాడు గానీ చేతికి పట్టు కుదరలేదట. పోతూ పోతూ నా పనిముట్టు కూడా పట్టుకుపోయింది అంటాడు. అంటూనే కళ్లద్దాలు తీసి తుడుచుకుంటాడు. నువ్వు తీసి ఉండవులే అని నేను అంటాను. ఆయన వినిపించుకోడు.

ఇక అసలు సంగతి. మన సిగ్గుపిట్ట లేదు, మరదలా. మన చిత్తడిలో లేదు. ఎక్కడా లేదు.

మనం లెక్కపెట్టే పద్ధతి నీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అయినా రాస్తాను, పొరపాటంతా అందులోనే ఉంది కనుక. నీళ్లలోని జమ్ముగడ్డి దాటి బయటికి రాని పిట్టను చూసి ఎవరూ లెక్కపెట్టలేరు. అందుకే తెల్లవారగానే తూర్పు గట్టున నేను, పడమటి గట్టున నువ్వు, చెరో పడవలో బయలుదేరేవాళ్లం. టేపులో ఉన్న ఒక్క కూతనే వెనక్కి తిప్పి తిప్పి మూడుసార్లు వేయడం, తర్వాత నోరు మూసుకుని వినడం. జమ్ములోంచి జవాబు వస్తే కాగితం మీద ఒక గీత. ఒకరు ముగించి ఎర్రగుడ్డ ఊపాకే ఇంకొకరు మొదలుపెట్టాలని నియమం. ఆ మంచులో ఎర్రగుడ్డ ఎవరికి కనిపించింది? వాచీలు చూసుకుని కానిచ్చేసేవాళ్లం. మన వాచీలు ఏనాడూ ఒక్క మాట మీద నిలబడలేదు, ఇంట్లో గడియారాలు బాగుచేసే మనిషిని పెట్టుకుని కూడా.

ఈ ఏడు కొత్త ఆఫీసరు జమ్ములో పన్నెండు చోట్ల వినే డబ్బాలు కట్టించాడు. పగలూ రాత్రీ అవి ఊరికే వింటూ ఉంటాయి. మొదటి పది రోజులు పాత పద్ధతి కూడా నడపమన్నాడు, రెండూ పోల్చి చూడటానికి. నీ చోట్లోకి వచ్చిన పెద్దాయన, నేను, మామూలుగానే టేపులు వేశాం, గీతలు గీశాం. పదకొండు పిట్టలని రాశాం. ఆ తర్వాత ముప్ఫై రోజులు మమ్మల్ని గట్టు దిగొద్దన్నారు.

పోయిన మంగళవారం డబ్బాల పని చూసే అమ్మాయి నన్ను ఆఫీసు వెనక గదిలోకి పిలిచింది. కుర్చీ చూపించి, నీళ్లిచ్చి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించింది. కప్పలు వినపడ్డాయి. గాలికి జమ్ము రాసుకోవడం వినపడింది. ఏదో దున్న నీళ్లలోకి దిగింది. ఆ అమ్మాయి చాలా నెమ్మదిగా చెప్పింది, ఆ ముప్ఫై రోజుల్లో ఒక్క కూతైనా లేదమ్మా అని. మొదటి పది రోజుల్లో ఉన్న కూతలన్నీ టేపులవేనట. నేను వేసినదానికి పెద్దాయన గీత గీశాడు. ఆయన వేసినదానికి నేను గీశాను. నిలకడ నీటి మీద శబ్దం ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చేస్తుందట. నాకు తల కొట్టేసినట్టయింది. పెద్దాయనకు కూడా నేనే చెప్పాల్సి వచ్చింది. ఆయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, అయితే ఆరేళ్లూ నాకు జవాబు చెప్పింది మీరా అమ్మా అని అడిగాడు.

ఈ మాట నువ్వు ఆరేళ్ల కిందటే చెప్పావు. చెప్పినందుకే నీకు ఆ గతి పట్టింది.

నువ్వు ఆ కూత రికార్డు చేసిన పొద్దు నాకు నిన్నటిలా ఉంది. మూడు గంటలు బురదలో పడవ ఆపి కదలకుండా కూర్చున్నాం. నీ కాలి మీదికి జలగ ఎక్కినా చూసి ఊరుకున్నావు. అప్పుడు జమ్ము పక్కకి తప్పుకుని పిట్ట బయటికి వచ్చింది, వెనక మసిముద్దల్లాంటి మూడు పిల్లలతో. నీటి ఆకుల మీద అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, మన పడవకు మూరెడు దూరంలో ఆగి, మెడ చాచి కూసింది. అంత చిన్న గొంతులోంచి ఆ మోటు కూత. చివర్లో చిన్న మూలుగు, పని పూర్తయిందన్నట్టు. పిల్లల్ని చూసిన సంబరంలో నీ చేతిలో గెడ జారి పడవ అంచుకు టక్‌మని తగిలింది. అంతే, నాలుగూ మాయం. నువ్వు నాలుక కరుచుకుని నా వైపు చూశావు. ఇన్నేళ్ల కొలువులో నేను ఆ పిట్టను కళ్లారా చూసింది ఆ ఒక్కసారే.

ఆ టేపే, నీ గెడ చప్పుడుతో సహా, రెండు కేసెట్లలోకి ఎక్కించి మనకు చెరొకటి ఇచ్చారు. ఆరేళ్ల తర్వాత ఒక సాయంత్రం వంటింట్లో నువ్వు అన్నావు, జవాబిచ్చే పిట్ట కూత చివర కూడా టక్‌మని వినపడుతోందని. పిట్ట కూడా గెడ పట్టుకుని తిరుగుతోందా వదినా అని నవ్వావు. కాసేపటికి నవ్వు ఆగిపోయింది నీకు. ఒక్క వారం ఆగి చెబుదాం ఆఫీసులో అన్నాను నేను. ఆగావు.

వారం తర్వాత ఆఫీసరు ముందు టేపు వేయించమని నువ్వే అడిగావు. వేశారు. కూత ఉంది, మూలుగు ఉంది, టక్ లేదు. రెండో కేసెట్ వేశారు. అందులోనూ లేదు. ఆఫీసరు నన్ను అడిగాడు, నీకెప్పుడైనా వినపడిందా అని. లేదన్నాను. చెవుల్లో ఏదో తేడా ఉన్నట్టుంది, లెక్కల పనికి ఈ మనిషి పనికిరాదు అని ఆయన రాసుకున్నాడు. ఇంటి దారి పొడుగునా కుడి చెవి దగ్గర చిటికెలు వేసి చూసుకుంటూ నడిచావు. ఆ తర్వాత మీ అన్నయ్య నిన్ను పాముచెవి అని పిలవలేదు. నెల తిరక్కుండానే నువ్వు పెట్టె సర్దుకున్నావు. ఏదో పొరపాటు జరిగింది, మరదలా. టేపుదో, మనుషులదో.

ఇంకొకటి కూడా చెప్పాలి. పిట్టల్ని పెంచే కేంద్రం డాక్టరమ్మ ఫోన్ చేసింది. అప్పట్లో వాళ్ల దగ్గర పంజరాల్లో పెంచిన సిగ్గుపిట్టలు ఎనిమిది జతలు ఉండేవట. ఎక్కడైనా లెక్క నాలుగు కంటే తగ్గితే అక్కడ వదిలేయాలని వాళ్ల నియమం. ప్రతి ఏడూ మన కాగితం చూసేవారట. పదకొండు, తొమ్మిది, పన్నెండు. ఇక్కడ అవసరం లేదని ఊరుకున్నారు. వదలడానికి వేరే చిత్తడి మిగల్లేదు. ఆ పదహారు పిట్టలూ పంజరాల్లోనే ముసలివైపోయాయి. చివరిది పోయిన వానల్లో పోయింది. ఒక్క ఏడు మీరు మూడు అని రాసినా పంపేవాళ్లం అంది. కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

చిత్తడి గట్టున పిట్ట బొమ్మతో ఉన్న బోర్డు నిన్న పీకేశారు. మీ అన్నయ్య వెళ్లి అడిగి తెచ్చుకుని కొట్లో గోడకు ఆనించాడు. వచ్చే వారం జమ్ము కోత, ఆ తర్వాత మట్టి పోసి పూడ్చడం. నాకు గట్టు వైపు వెళ్లాలని లేదు. తెల్లవారక ముందే మెలకువ వచ్చేస్తుంది, బూట్లు వేసుకుంటాను, మళ్లీ విప్పేస్తాను. నిన్ను రమ్మనడానికి ఇక్కడ ఏమీ మిగల్లేదు. నీ మాటే నిజమైందని మాత్రం నీకు తెలియాలని రాశాను. జరిగిన పొరపాటుకు ఈ వదినను క్షమించు.

ఎప్పటికీ నీ మేలు కోరే,
వదిన

తా.క. కవరు అంటించి, మళ్లీ చింపాను. పొరపాటు, పొరపాటు అని పైన ఎన్నిసార్లు రాశానో చూసుకుంటే నా మీద నాకే రోత పుట్టింది. ఆ టక్ నాకు నీకంటే ఏడాది ముందే వినపడింది. ఆగమన్నానే, ఆ వారంలోనే మీ అన్నయ్య స్క్రూడ్రైవరు తీసి రెండు కేసెట్లూ విప్పాను. గెడ తగిలిన చోటు వెతికి, కత్తెరతో కోసి, అతికించాను. లెక్క సున్నా అంటే జమ్ము నరికేస్తారని భయపడ్డాను. అది సగమే. పిట్ట లేదని ఒప్పుకుంటే రేపు పొద్దున లేచి నేనెక్కడికి వెళ్లాలో తెలియలేదు. పంజరాల్లో ఎనిమిది జతలు ఉన్న సంగతి నాకు తెలియదు. తెలిసినా నిజం చెప్పేదాన్నని ఇప్పుడు ప్రమాణం చేయలేను.

నీ చెవులకు ఏ తేడా లేదు. అప్పుడూ లేదు.

స్క్రూడ్రైవరు ఈ పొద్దున మీ అన్నయ్య బల్ల మీద పెట్టాను. ఎక్కడిదని అడిగాడు. చెప్పాను. అప్పటి నుంచి ఆయన నాతో మాట్లాడలేదు. ఈ కాగితం అడుగున అంటించిన రెండు టేపు ముక్కలు అవే, ఒక్కోటి నా చిటికెన వేలంత. పిట్ట కూత వాటిలో లేదు. నీ గెడ చప్పుడు ఒక్కటే ఉంది.